కలకత్తాకు రెండు కటకాలు

కటకం అనే మాటను మా ఆఫీసులో ప్రవేశపెట్టిన ఘనత నాదే. ఈ సంగతి నేనే ముందు చెప్పుకోవడం మంచిది. మా ఆవిడ చెబితే దాన్ని ఘనత అనదు.

మాది జిల్లా ఉత్సవ సమాచార కేంద్రం. జిల్లాలో ఏ పెద్దమనిషి దీపం వెలిగించినా, రిబ్బను కత్తిరించినా, మొక్క నాటినా ఫోటో తీసి భద్రపరచడం మా పని. నాటిన మొక్క తరవాత ఏమైందన్నది మా పరిధిలోకి రాదు. పదిహేడేళ్ళుగా ఆ కేంద్రానికి నేనే ఫోటోగ్రాఫర్ని. పేరు ఇప్పిలి జోగారావు. జిల్లాలో నాకంటే బాగా ఫోటోలు తీసేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, లెన్సుల గురించి నాకంటే ఎక్కువసేపు మాట్లాడేవాడు మాత్రం లేడు. పెళ్ళిభోజనంలో నా పక్కన ఖాళీ విస్తరి ఎందుకుంటుందో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

కిందటేడు శ్రావణంలో మాకు కొత్త అధికారి వచ్చారు, పేరి సోమయాజులుగారు. డైరెక్టరుగారూ అని పిలిస్తే ఎదురుగా ఉన్నా పలకరు. సంచాలకవర్యా అంటే స్నానాల గదిలోంచి కూడా పలుకుతారు. వచ్చిన వారానికే ఉత్తర్వు వేశారు. "ఈ కార్యాలయమునందు అన్యభాషాపద దూషితమగు ఏ పత్రమును ఇకపై పఠింపరాదు, స్వీకరింపరాదు, తిరస్కరింపనూ రాదు." చదవకుండా, తీసుకోకుండా, తిప్పి పంపకుండా ఆ కాగితాన్ని ఏం చెయ్యాలో అందులో లేదు. అందుకని అలాంటివన్నీ ఒక అట్టపెట్టెలో వెయ్యడం మొదలుపెట్టాం.

ఆ పెట్టె నా బల్ల కింద ఉండేది. ఎందుకంటే, తొలి సమావేశంలో నేను నోరు జారాను. 'ఫ్లాష్'ని మెరుపుదీపం అనొచ్చు కదండీ అన్నాను. సోమయాజులుగారు కుర్చీలోంచి లేచి వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. పై అధికారి నన్ను కౌగిలించుకోవడం నా సర్వీసులో అదే మొదలు. మనిషి అక్కడే చెడిపోతాడు. ఆ సాయంత్రానికి నేను పదశుద్ధి సంఘానికి సంధానకర్తని.

ఆ పదవిలో నేను చేసినవన్నీ చెప్పుకుంటే నాకే సిగ్గు. ఒకటి చెబుతాను. అటెండరు గవరయ్య టైఫాయిడ్ వచ్చిందని సెలవు అడిగాడు. ఆ కాగితం పెట్టెలో వేసి, సన్నిపాత జ్వరం అని ఇంకోటి రాసి తెమ్మన్నాను. వాడు మూలుగుతూ వెళ్ళి, రాసి తెచ్చేసరికి జ్వరం తగ్గిపోయింది. జ్వరం లేనివాడికి సెలవెందుకని అదీ పెట్టెలో వేశాను. ఇలా ఏడాది తిరిగేసరికి నూట పన్నెండు మాటలతో ఒక నిఘంటువు తయారైంది. అట్ట మీద నా పేరు ఉంటుందన్నారు. శాలువా కూడా కప్పారు.

అందులో ఇరవై మూడో మాట కటకం. లెన్సుకి తెలుగు. కొత్తగా నేను పుట్టించింది కాదు, పదో తరగతి భౌతికశాస్త్రంలో అందరం చదువుకున్నదే. పరీక్ష రాసిన మర్నాడే అందరం మరిచిపోయిందీ అదే. దాని వెంటే ఇరవై నాలుగో మాట, నాభ్యంతరం. ఫోకల్ లెంగ్త్ అన్నమాట. అది తక్కువుంటే లెన్సులో ఊరంతా పడుతుంది, ఎక్కువుంటే దూరాన ఉన్నది దగ్గరికొస్తుంది. ఈ రెండు మాటలూ చూసి సోమయాజులుగారు నన్ను రెండోసారి కౌగిలించుకున్నారు.

ఇక మా ఇంటి సంగతి. మా ఆవిడ నూకరత్నం పుట్టి పెరిగింది కలకత్తా పక్కన, హుగ్లీ ఒడ్డున, ఒక జూట్ మిల్లు కూలీల లైను ఇళ్ళలో. మన జిల్లాలోంచి వెళ్ళి ఆ మిల్లులో బతికినవాళ్ళు వందలమంది. వాళ్ళ పిల్లల కోసం రెండు గదుల తెలుగు బడి ఒకటుండేది. నూకరత్నం ఏడో తరగతి దాకా అక్కడే చదివింది. తరవాత మిల్లు మూతపడి, అందరూ చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. ఇప్పుడు ఆ బడినీ కూలగొట్టేస్తున్నారని తెలిసి, కూలిపోయే ముందు ఒక్క ఆదివారం అక్కడ కలుసుకుందామని ఆనాటి ఆడపిల్లలు అనుకున్నారు. ఎక్కడెక్కడివాళ్ళో ఫోన్లలో దొరికారు. మాలతి కూడా దొరికింది. ఏడేళ్ళూ నూకరత్నంతో ఒకే బల్ల మీద కూర్చున్న పిల్ల ఆ మాలతి.

"ఆదివారం పదకొండింటికి నానక్కడుండాలండీ," అంది నూకరత్నం. పొయ్యి కట్టేసి మరీ వచ్చి చెప్పింది. "పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది. మిమ్మల్ని ఏదీ అడగలేదు. ఇదొక్కటే."

మాటిచ్చాను. శుక్రవారం రాత్రి రైలుకి మూడు టిక్కెట్లు తీశాను, మా ఇద్దరికీ, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి హైమకీ. అక్కడితో నేను ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ కలకత్తా అంతటి మహానగరానికి వెళుతూ ఏ లెన్సు పట్టుకెళ్ళాలో తేల్చుకోకుండా ఎలా ఊరుకోవడం?

మూడు సాయంత్రాలు కూర్చుని పట్టిక వేశాను. హౌరా వంతెన మొత్తం పట్టాలంటే వైడ్ యాంగిల్ ఉండాలి. ట్రాములో కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన కావాలంటే టెలిఫోటో ఉండాలి. రసగుల్లా మీద పాకం చుక్కకి మాక్రో ఉంటే బాగుంటుంది. రాత్రి దీపాలకి ఇంకోటి. పట్టిక గోడకి అంటించి, ఇంటిల్లిపాదినీ పిలిచి వివరించాను.

"ఇందులో అమ్మకేది నాన్నా?" అంది హైమ.

"అమ్మ అన్నిట్లోనూ ఉంటుందమ్మా. వంతెన ఎంత పెద్దదో తెలియడానికి కింద ఒక మనిషి నిలబడాలి కదా."

నూకరత్నం అనాల్సినవి అంతకు ముందే అనేసి ఉంది. విశాఖపట్నంలో జలాంతర్గామి ముందు నేను లెన్సు మారుస్తుండగానే మ్యూజియం మూసేశారు. అరకు వెళ్ళినప్పుడు సొరంగం సొరంగానికీ లెన్సు మార్చి, వచ్చిన ప్రతి లోయకీ ఆలస్యమయ్యాను. ఆ ప్రయాణం ఫోటోలు యాభై ఎనిమిదీ చీకటే.

"నా మొహం మామూలుగా పడేదేదో ఒకటి పట్టుకురండి చాలు," అంది ఆఖరికి.

మామూలు లెన్సుతో మామూలు మొహమే పడుతుందని చెప్పబోయి, అదృష్టం బాగుండి మింగేశాను.

నా సొంత కెమెరా లెన్సుకి సముద్రపు గాలికి బూజు పట్టింది. ఆఫీసులో మంచివి అయిదున్నాయి. అనుమతి తీసుకుంటే సొంత పనికి పట్టుకెళ్ళొచ్చు. చాలా మథనపడి, రెండు చాలనుకున్నాను, ఒక వైడూ ఒక టెలిఫోటో. ఒక పనికి ఒకే పత్రం అన్న నియమం కూడా మా సంఘం పెట్టిందే కాబట్టి, సెలవునీ లెన్సులనీ కలిపి ఒకే దరఖాస్తు పెట్టాను. ప్రయాణానికి ఇంకా మూడు వారాలుంది.

"సంచాలకవర్యా! కుటుంబ సమేతముగా కలకత్తా మహానగర సందర్శనార్థము నాకు ఆరు దినముల సెలవును, వెంట తీసికొనిపోవుటకు మన కేంద్రమునకు చెందిన కటకములు రెండింటిని (హ్రస్వ నాభ్యంతరము గలది ఒకటి, దీర్ఘ నాభ్యంతరము గలది ఒకటి) అనుగ్రహింప ప్రార్థన."

ఒక్క పరాయి మాట లేదు. రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

వారానికి పరిపాలనా విభాగం నుంచి తాఖీదు వచ్చింది. "కటకము మహానదీ తీరముననున్న నగరమగును. కలకత్తా మార్గమున అది ఒక్కటే తగులును. అభ్యర్థి రెండు కోరుటలో ఆంతర్యమేమి? పోవునపుడొకటి, వచ్చునపుడొకటియా? ఆ నగరము మన కేంద్రమునకు చెందినదని ఏ ఆధారముతో వ్రాసితిరి? మూడు దినములలో సమాధానము ఇచ్చునది."

మా పక్క పెద్దవాళ్ళు కటక్ పట్టణాన్ని కటకం అనే అంటారు. ఆ ముక్క నాకు తట్టనేలేదు. పరుగెత్తుకెళ్ళి నోటితో చెప్పబోతే, నోటిమాట దస్త్రంలో దారంతో కుట్టడానికి వీలుపడదన్నారు. పోనీ లెన్సు అని రాసిద్దామంటే, ఆ కాగితం నా బల్ల కింది పెట్టెలో నేనే వేసుకోవాలి. అందుకని ఎవరికైనా అర్థమయ్యేలా వివరంగా రాశాను.

"కటకమనగా ఊరు కాదు. నేను కోరిన కటకములు మన కేంద్రమునందే, సరకుల గదిలో కలవు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. కడు సున్నితమైనవి. వాటిని నేను కంటికి రెప్పలా చూచుకొందును. వాన తగులనీయను. ప్రతి సాయంత్రము మెత్తని గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టి, మూతి బిగించెదను."

ఇంతకంటే స్పష్టంగా ఎవడూ రాయలేడని ఇప్పటికీ నా నమ్మకం. నేను మరిచిపోయిందల్లా, మా సరకుల గది చూసేది కటకం ఆదిలక్ష్మి అన్న సంగతి. ఆవిడ భర్త కటకం సన్యాసిరావు మా జీపు డ్రైవరు. జీపు ఎలాగూ కదలదు కాబట్టి ఎప్పుడూ ఆ గదిలోనే కూర్చుంటాడు. ఆవిడ నా భుజం దాటదు. ఆయన గుమ్మంలో తల వంచకుండా దూరలేడు. ఆఫీసంతా వాళ్ళని పొట్టి కటకం, పొడుగు కటకం అనే అంటుంది. నేనూ అంటాను.

మర్నాడు ఆదిలక్ష్మి నా సంజాయిషీ నకలు పట్టుకుని నా బల్ల ముందుకొచ్చింది.

"ఏటి బావూ జోగారావుగారూ! నన్ను మెత్తటి గుడ్డెట్టి తుడుస్తారటా? సంచిలో ఎట్టి మూతి బిగిస్తారటా? మా ఆయన పట్టే సంచి మీ కాడుందేటి?"

"అయ్యో రామ! అది మిమ్మల్ని కాదమ్మా, లెన్సుల గురించి. ఇదిగో, ఇప్పుడే వెళ్ళి తప్పని చెప్పేస్తాను."

ఆవిడ గబుక్కున తలుపు దగ్గరికి జరిగి, గొంతు తగ్గించింది. "తప్పని సెప్పీకండి బాబ్బాబు. కలకత్తా కాళమ్మోరిని ఒకపాలి సూడాలని నాకు పెళ్ళికి ముందునుంచీ ఉంది. ఈ మడిసి పైడితల్లి జాతరకి తప్ప ఎక్కడికీ తీసికెళ్ళడు. మీరు గమ్మునుండండి. మీ గుడ్డా సంచీ నాను సూసుకుంటాను."

గమ్మునుండడం నా వల్ల కాలేదు గానీ, నేను కదిలేలోపే దస్త్రం కదిలిపోయింది. విషయం సాంకేతికమైనది కాబట్టి కటక పరిశీలనోపసంఘం ఏర్పడింది. సోమయాజులుగారు అధ్యక్షులు, నేను సభ్యుణ్ణి. కటకం దంపతుల్ని ఒక గోడకి ఆనించి నిలబెట్టారు.

"పొట్టిదనము, పొడుగుదనము ప్రత్యక్ష ప్రమాణసిద్ధములు," అన్నారు సోమయాజులుగారు. "కాని నాభ్యంతరమును నిర్ధారింపవలసియున్నది. నాభి యనగా బొడ్డు. అంతరమనగా దూరము. బొడ్డునకును, దేనికిని మధ్య దూరమని ఈ సంఘము భావించుచున్నది?"

"నేలకండీ," అన్నారు పరిపాలనా విభాగం వారు.

నాకు ఆగలేదు. లేచి నిలబడి, "లెన్సండీ బాబూ, లెన్సు! కెమెరాకి బిగించే లెన్సు!" అని అరిచాను. సమావేశంలో పరాయి మాట పలికినవాడు అది ముగిసేదాకా బయట నిలబడాలి. ఆ నియమం రాసింది ఎవరో మళ్ళీ చెప్పనక్కరలేదు. గవరయ్య తలుపు తీసి పట్టుకున్నాడు. టైఫాయిడ్ తరవాత వాడి మొహంలో అంత కళ నేను చూడలేదు.

బయటికి కొంత వినపడింది. సన్యాసిరావు బొడ్డు నేలకి రెండున్నర మూరలని గట్టిగా చదివారు. ఆదిలక్ష్మి, "నా జోలికొస్తే ఆ టేపు మెడకి సుట్టీగలను," అనడంతో ఆవిడ విషయంలో స్వయం ప్రకటన చాలునని తీర్మానించారు.

శుక్రవారం ప్రయాణమనగా గురువారం మధ్యాహ్నం సోమయాజులుగారు నన్ను ఒంటరిగా పిలిపించారు. కూర్చోమన్నారు. టీ తెప్పించి, తేనీరు అని పేరు చెప్పి ఇచ్చారు.

"జోగారావుగారూ, తాము కోరునది లెన్సు అని నాకు తొలినాడే తెలియును," అన్నారు.

నేను కుర్చీలోంచి జారిపోయినంత పనైంది. "తెలుసునా! మరి తెలిసీ..."

"నాకు తెలియుట వేరు, దస్త్రమునకు తెలియుట వేరు. దస్త్రమునకు తెలియవలెనన్న తామొక్క వాక్యము వ్రాసి ఇండు. 'కటకము అను పదము స్పష్టార్థము నీయజాలదని అంగీకరించుచు, నిఘంటువు నుండి ఉపసంహరించుకొనుచున్నాను' అని. అంతియే. ఈ క్షణముననే సెలవు ఇత్తును. రేపు సుఖముగా పోయి రండు." కలం మూత తీసి మరీ నా చేతికిచ్చారు.

కలం పట్టుకున్నాను. కాగితం ఎదురుగా ఉంది. ఒక్క వాక్యం. ఆదివారం పదకొండింటికి నూకరత్నం అక్కడుండాలి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ నాకు కనిపించింది మాత్రం నిఘంటువు అట్ట మీద నా పేరు. కటకం పోతే నాభ్యంతరమూ పోతుంది. ఆ రెండూ పోతే నాకు శాలువా ఎందుకు కప్పినట్టు? గవరయ్య ఏమంటాడు? ఇంత బతుకూ బతికి ఇంటెనక చచ్చినట్టు, నా మాట తప్పని నేనే రాసుకోనా?

"రేపటిదాకా ఆలోచించుకుంటానండి," అన్నాను.

"రేపు ఉత్తర్వు దానంతటదే వెలువడును," అన్నారాయన, కలం వెనక్కి తీసుకుంటూ.

ఇంటికి వెళ్ళేసరికి నూకరత్నం జంతికలు వండుతోంది. మాలతికి ఇష్టమట. సెలవు సంగతేమైందని అడిగింది. రేపు వచ్చేస్తుందన్నాను. అబద్ధం కాదు. ఉత్తర్వు రేపు వచ్చేస్తుంది. అంత చిన్నబుద్ధి నాలో ఉందని నాకే తెలియదు.

శుక్రవారం పన్నెండింటికి వచ్చింది. "పరిశీలనానంతరము కటకములు రెండును కలకత్తా ప్రయాణమునకు అనుమతింపబడినవి. ధూమశకట వసతి కేంద్రమే కల్పించును. అయితే ఆ కటకములు వెడలిపోవుటచే సరకుల గదియు, వాహనమును దిక్కులేనివగును. అవి కోరినవాడు అభ్యర్థియే గనుక, తిరిగి వచ్చువరకు ఆ రెండు బాధ్యతలను అతడే వహింపవలెను. కావున అతని సెలవు తిరస్కరింపబడినది. కుటుంబము పోవుటకు అభ్యంతరము లేదు."

ఉత్తర్వులో ఎక్కడా తప్పు పట్టలేకపోయాను. ఒక్క పరాయి మాట కూడా లేదు.

ఇంటికి వెళ్ళి మొత్తం చెప్పాను. గురువారం కలం సంగతి కూడా చెప్పేశాను. దాచుదామనుకున్నాను గానీ, పెట్టె సర్దుతూ ఆవిడ నావైపు చూసిన చూపుకి దాచలేకపోయాను.

"ఆ ఒక్క ముక్క రాసుంటే సెలవొచ్చీదా?" అంది.

"వచ్చేది."

"మీరు రాయలేదు."

"రాయలేదు."

తిడుతుందేమోనని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది. పెట్టెలోంచి నా చొక్కాలు నాలుగూ ఒక్కొక్కటే తీసి, మడత చెడకుండా మంచం మీద పెట్టింది. ఖాళీ అయిన చోట జంతికల డబ్బా పెట్టి జిప్పు లాగింది.

"ఆదిలచ్చిమిగారిది ఏ పెట్టెలో సీటో కనుక్కో హైమా," అంది. "నాను మటుకు ఆగను."

స్టేషనుకు కటకం దంపతులు మాకంటే ముందే వచ్చారు. ఆదిలక్ష్మి పట్టుచీర కట్టుకుని పులిహోర మూట పట్టుకొచ్చింది. సన్యాసిరావు మా సామానంతా రెండు చేతుల్తో ఎత్తి లోపల పెట్టేశాడు. రైలు ఆగేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ నేను ఏం చేశానంటే, సన్యాసిరావుకి ఫోనుతో ఫోటో ఎలా తియ్యాలో నేర్పాను. వెలుతురు వీపు వెనకుండాలన్నాను. నేల వంకరగా రాకూడదన్నాను. నవ్వండి అని చెప్పకూడదు, సహజత్వం చెడుతుందన్నాను. అతను బుద్ధిగా తలూపుతుండగా రైలు కదిలింది. అతను ఎగిరి ఎక్కాడు. కిటికీలో నూకరత్నం నావైపే చూస్తోందని అప్పుడు గమనించాను. చెయ్యి ఎత్తేలోపు ఆ కిటికీ దాటిపోయింది.

మర్నాటి నుంచీ సరకుల గది తాళాలు నా మొలలో ఉన్నాయి. బీరువా తీస్తే అయిదు లెన్సులూ నావైపు చూస్తున్నాయి. వైడు పెట్టి చూశాను, గదంతా కనిపించింది, అందులో చూడ్డానికేమీ లేదు. టెలిఫోటో పెట్టి చూశాను, మూలనున్న బల్లి దగ్గరకొచ్చింది. దాని ఫోటో తీశాను. బాగానే వచ్చింది. ఎవరికి చూపించాలో తెలియక తుడిచేశాను.

ఆదివారం సెలవైనా సరకుల గదికి సెలవు లేదన్నారు. పదకొండు దాటిన దగ్గర్నుంచి ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. పన్నెండున్నరకి ఫోటో వచ్చింది. హైమ పంపింది, తీసింది సన్యాసిరావు.

వెలుతురు ఎదురుగా ఉంది. నేల వంకరగా ఉంది. బడి పేరు రాసిన బోర్డు సగం తెగిపోయింది. ఒక మూల ఆయనగారి బొటనవేలు. మధ్యలో, చిన్నపిల్లల బల్లల్లో ఇరుక్కుని, నలభై దాటిన ఆడవాళ్ళు పదకొండుమంది. ముందు బల్లలో నూకరత్నం. పక్కనున్నావిడ మాలతే అయి ఉంటుంది, మా ఆవిడ భుజం మీద వాలిపోయింది. నూకరత్నం తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి, కళ్ళు మూతలు పడేలా నవ్వుతోంది. పద్దెనిమిదేళ్ళలో నేను ఆవిణ్ణి వేల ఫోటోలు తీసి ఉంటాను. ఆ నవ్వు వాటిలో ఒక్కదాంట్లో లేదు. ఫోటోల్లో సంగతి అటుంచి, ఇంట్లో కూడా నేను చూళ్ళేదు. వేళ్ళతో పెద్దది చేసి చేసి చూశాను. ఏడుపొచ్చేసింది. నేల వంకరగా వచ్చినందుకేమో అనుకున్నాను మొదట.

గురువారం పొద్దున్న రైలు దిగారు. దస్త్రం ప్రకారం కటకాలు తిరిగి అందినట్టు రసీదు నేనే రాయాలి. పరీక్షించి రాశాను. "కటకములు రెండు అందినవి. గీతలు: దీర్ఘ కటకము మోచేతిపై ఒకటి, వీధి పట్టాలబండి దిగునపుడు. బూజు: లేదు. మరకలు: హ్రస్వ కటకము పట్టుచీరపై రసగుల్లా పాకము. పనితీరు: మిక్కిలి తృప్తికరము." సోమయాజులుగారు దాన్ని చదివి, ఇకమీదట సిబ్బంది ప్రయాణాలన్నిటికీ ఇదే నమూనా అన్నారు.

ఆ సాయంత్రం నూకరత్నం విడిచిన బట్టలు వేరు చేస్తుంటే పక్కన చేరాను. క్షమించమని అడిగాను. "సరెలెండి," అంది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని ఫోటో సంగతి ఎత్తాను.

"ఆ ఫోటో భలే ఉంది రత్నం. నువ్వంత నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదు. అంత నవ్వొచ్చేదేం జరిగింది?"

"ఏటీ లేదు," అంది. ఒక చీర చేతిలోకి తీసుకుని, మళ్ళీ తనే చెప్పింది. "మాలతి అడిగింది, మీ ఆయన రాలేదేటే అని."

"నువ్వేం చెప్పావు?"

"కెమెరాకి ఏ అద్దం బిగించాలో ఇంకా ఎంచుకుంటన్నాడే అన్నాను." చీర దులిపి మడత పెట్టింది. "అందరూ ఒక్కపాలి నవ్వీసేరు. నాకూ ఆగలేదు. అప్పుడే నొక్కీసేడు సన్యాసిరావు."

ఆ ఫోటో ఇప్పుడు మా ముందుగదిలో, నా శాలువా ఫోటో ఉండే చోట ఉంది. వచ్చినవాళ్ళు చూసి, ఎంత బాగుందండీ, మీరే తీశారా అని అడుగుతారు. తీసింది కటకం, నవ్వించింది నేను అని చెబుతాను. లోపల్నుంచి నూకరత్నానికి వినపడుతూనే ఉంటుంది. కాదనదు.